మీల్ మేకర్ నాణ్యత – సోయా చెక్కకు తగిలిన వేడి

సోయాచిక్కుడు విస్తారంగా సాగయ్యే ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాలలో రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు మీల్ మేకర్ తయారీ సహజంగానే ఆకర్షణీయమైన ఆలోచన. సలహా కోరి వచ్చినప్పుడు చర్చ సాధారణంగా ఎక్స్‌ట్రూడర్ సామర్థ్యం, ధర, రుణం వద్దనే ఆగిపోతుంది. కానీ నానబెట్టిన మీల్ మేకర్ పీచులు పీచులుగా సాగి నమలడానికి వీలుగా ఉంటుందా, ముద్దగా విడిపోతుందా అన్నది చాలావరకు ఆ యంత్రాన్ని చేరకముందే, గింజ నుండి నూనె తీసే దశలోనే తేలిపోతుంది.

సోయా గింజలో సుమారు 40 శాతం మాంసకృత్తులు, 20 శాతం నూనె ఉంటాయి. నూనె తీసిన పిండిలో మాంసకృత్తులు 50 శాతానికి చేరుతాయి. ఎక్స్‌ట్రూడర్‌లో 20–30 శాతం తేమతో, 140–170 డిగ్రీల సెల్సియస్ వద్ద గ్లోబ్యులిన్ అణువులు ముడి విప్పుకొని, ప్రవాహ దిశలో బారులు తీరి, గంధక బంధాలతో మళ్ళీ పెనవేసుకుంటాయి. అచ్చు రంధ్రం దాటగానే నీరు ఆవిరై పొరలు పొరలుగా ఉబ్బుతుంది. ఈ విప్పారడం ఎక్స్‌ట్రూడర్‌లోనే జరగాలి. ముందే వేడికి గడ్డకట్టిన మాంసకృత్తులు అక్కడ సరిగా కరగవు, అల్లుకోవు.

చిక్కు ఇక్కడే ఉంది. హెక్సేన్‌తో నూనె తీసిన అటుకులను కోళ్ళ దాణా కోసం 100 డిగ్రీలకు పైబడిన ఆవిరితో బాగా వేయిస్తారు. ట్రిప్సిన్ నిరోధకాలు నశించాలంటే అది తప్పనిసరి. ఇలాంటి చెక్కలో నీటిలో విస్తరించగల మాంసకృత్తుల శాతం, అంటే ప్రోటీన్ డిస్పర్సిబిలిటీ ఇండెక్స్ (పి.డి.ఐ.), తరచుగా 15–30 మధ్య ఉంటుంది. మీల్ మేకర్‌కు వాడే పిండికి సాధారణంగా 60–70 కోరుతారు. అందుకు హెక్సేన్‌ను అతి తక్కువ సమయంలో తొలగించి, వేయించకుండా ఉంచిన ‘వైట్ ఫ్లేక్స్’ కావాలి. నిరోధకాల సంగతి ఎక్స్‌ట్రూడర్ వేడి చాలావరకు చూసుకుంటుంది. కోడికి మేలైన చెక్క మీల్ మేకర్‌కు పనికిరాదన్న మాట.

యూరియేజ్ పరీక్ష ఫలితం బాగుందని సరఫరాదారు చూపవచ్చు. ఆ పరీక్ష చెక్క పచ్చిగా ఉందా అని మాత్రమే చెబుతుంది. అతిగా వేగిందా అని చెప్పలేదు. కనుక అడగవలసినది పి.డి.ఐ. విలువ.

సంఘాల స్థాయికి సాల్వెంట్ ప్లాంటు భారమే. ఎక్స్‌పెల్లర్ అందుబాటులో ఉంటుంది గాని, దాని చెక్కలో 6–8 శాతం నూనె మిగులుతుంది. ఆ నూనె బ్యారెల్‌లో రాపిడిని తగ్గించి ఉబ్బును దెబ్బతీస్తుంది. అలాంటి చెక్కతో మీల్ మేకర్ అసాధ్యమేమీ కాదు; అయితే వేడిని అదుపులో ఉంచి తీసినదై ఉండాలి. అది కుదరకపోతే వైట్ ఫ్లేక్స్ కొనుగోలు చేయడమో, చెక్కను దాణాగా అమ్ముకోవడమో నయమని నా అభిప్రాయం.

సేద్య శాస్త్రవేత్తలకూ ఇందులో పాత్ర ఉంది. గంధకం కొరవడిన పైరులో సిస్టీన్ అధికంగా గల గ్లైసినిన్ తగ్గి, బీటా-కాన్‌గ్లైసినిన్ పెరుగుతుంది. పైన చెప్పిన బంధాలకు సిస్టీనే ఆధారం. డి.ఎ.పి.లో గంధకం లేదు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో సుమారు 11 శాతం ఉంది. కోత తరువాత తేమతో, ఉక్కలో నిల్వ ఉన్న గింజలో మాంసకృత్తుల కరిగే గుణం మిల్లుకు చేరకముందే తగ్గుతుంది. అక్టోబరు వానలలో తడిసిన గింజను వేరుగా ఆరబెట్టి, వేరుగానే నిల్వ చేయించాలి.