పొల్లు దగ్గర ఆగిపోయిన పేరు

‘‘అన్నా, ఈ టెస్టు నా ల్యాప్‌టాప్‌లో ఫెయిలవుతోంది. మీ దాంట్లో చూస్తారా?’’ అని టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. నాది మ్యాక్. రన్ చేస్తే పాసైంది. ఆఫీసు బిల్డ్ సర్వర్ లినక్స్, అక్కడా పాసే. ఆమెది మాత్రం విండోస్. రెండుచోట్ల బాగుందంటే తప్పు మూడోదానిదే అనుకున్నా. ‘‘విండోస్‌లో దాన్ని స్కిప్ చేసెయ్, రేపు రిలీజ్ ఉంది’’ అని చెప్పేశా.

మేం చేసేది చిన్న క్లినిక్‌లకు టోకెన్ల సాఫ్ట్‌వేర్, పైథాన్‌లో. పేషెంట్లు ఫోన్‌లో పేరు ఇస్తే, ఒక్కో పేరూ ఒక్కో చిన్న ఫైలుగా రిసెప్షన్ కంప్యూటర్‌కు చేరుతుంది. తెలుగులో పేరు ఇచ్చే సదుపాయం ఆ రిలీజ్‌లోనే కొత్త. మా పాత టెస్టుల్లో పేర్లన్నీ ఇంగ్లిష్‌వే. తెలుగు పేరుతో టెస్టు రాసింది ఆ అమ్మాయి ఒక్కతే.

తెలుగు వాడటం మొదలుపెట్టిన మొదటి క్లినిక్ నుంచే ఫోన్ వచ్చింది. ముందురోజే టోకెన్ తీసుకున్న ఓ పెద్దాయన పొద్దుటి నుంచి బెంచీ మీదే ఉన్నారట. షుగర్ పేషెంటు, రక్తపరీక్ష కోసం పరగడుపున వచ్చారు. లిస్టులో ఆయన పేరే లేదు. రిసెప్షన్‌లో ఉన్నది, వేరే చెప్పాలా, విండోస్ కంప్యూటరే!

జరిగింది ఇదీ. కంప్యూటర్ అక్షరాలను అంకెలుగా దాచుకుంటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. ఫైలును ఏ పద్ధతిలో చదవాలో మనం చెప్పకపోతే పైథాన్ ఆ కంప్యూటర్ అలవాటునే పాటిస్తుంది. మ్యాక్, లినక్స్‌ల అలవాటు యూటీఎఫ్-8. మన దగ్గరి విండోస్‌లో మామూలుగా 1252 అనే పాత పట్టిక. దాంతో చదివితే ‘రమ’ అన్న పేరు నెత్తిన గీత ఉన్న ‘ఎ’, డిగ్రీ సున్నాలు కలిసిన పిచ్చిరాతలా వస్తుంది, కానీ ఎర్రర్ రాదు. ‘లక్ష్మి’ అయితే వేరే కథ. తెలుగు పొల్లుకు బైట్లు 224, 177, 141. ఆ పట్టికలో 141 గడి ఖాళీ. ప్రోగ్రామ్ అక్కడే ఎర్రర్ ఇస్తుంది. అంటే ఒత్తు ఉన్న ఏ పేరూ గట్టెక్కదు. మన పేర్లలో ఒత్తు లేనివి ఎన్నని!

ఎర్రర్ వస్తే లాగ్‌లో రాసి తర్వాతి ఫైలుకు వెళ్లిపొమ్మని కోడ్ రాసింది కూడా నేనే. అందుకే ఎవరికీ ఏమీ కనిపించలేదు. పిచ్చిరాతలు చూసిన రిసెప్షనిస్టు ఫాంట్ సమస్య అనుకుని టోకెన్ నంబర్లతో నెట్టుకొచ్చింది.

మార్చింది ఒక్క మాటే: ఫైలు తెరిచే ప్రతిచోటా ‘యూటీఎఫ్-8’ అని రాశాం. పైథాన్ 3.15 నుంచి దీన్నే డిఫాల్ట్ చేయాలని నిర్ణయించారు, కానీ క్లినిక్‌లలో పాత వెర్షన్లే ఉంటాయి. స్కిప్ తీసేశాం. ‘రమ’, ‘లక్ష్మి’ ఇద్దరికీ టెస్టులు పెట్టాం. బిల్డ్‌లో విండోస్ మెషీన్ కూడా చేర్చమంటే మేనేజర్ ఖర్చు సంగతి ఎత్తారు. పెద్దాయన సంగతి చెప్పాక ఒప్పుకున్నారు.

మొన్న ఆ అమ్మాయి మళ్లీ మెసేజ్ పెట్టింది. ‘‘అన్నా, ఈసారి లినక్స్‌లో ఒక్కదాంట్లోనే ఫెయిల్. ఫైలు పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా అనుకుంటా.’’ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నా.