విరేచనాల బిడ్డకు మూడు రంగుల పట్టిక

జబ్బును గళ్ళు గీసి చూపించడం తిబ్బె యునానీకి కొత్త కాదు. 1100లో కన్నుమూసిన బాగ్దాద్ హకీం ఇబ్నె జజ్లా ‘తఖ్వీముల్ అబ్దాన్’ గ్రంథంలో 352 వ్యాధులను పట్టికలుగా వేశారు. మిజాజ్, వయసు, రుతువు, లక్షణం, ఇలాజ్ అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి.

నేటి వైద్యులు ఇదే పని బాణం గుర్తులతో చేస్తున్నారు. ఒక్కొక్కరు ఒక్కో తీరున గీస్తే చదివేవారికి తికమక. అందుకే 1992లో అమెరికాలోని సొసైటీ ఫర్ మెడికల్ డెసిషన్ మేకింగ్ ఒకే పద్ధతిని ప్రతిపాదించింది. రోగి స్థితికి గుండ్రని మూలల గడి, నిర్ణయానికి ఆరు మూలల గడి, చేయవలసిన పనికి దీర్ఘచతురస్రం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌ల పిల్లల పట్టికలో గడికి రంగు కూడా ఉంటుంది. రెండు నెలల నుండి అయిదేళ్ళ లోపు బిడ్డకు విరేచనాలైతే ఇలా చూడండి.

గులాబీ: మగత, కళ్ళు గుంటలు పడడం, తాగలేకపోవడం, పొట్ట చర్మం పట్టి వదిలితే రెండు సెకన్లు దాటినా సర్దుకోకపోవడం. వీటిలో రెండుంటే వెంటనే ఆసుపత్రికి.

పసుపు: చిరాకు, గుంటకళ్ళు, ఆబగా తాగడం, చర్మం నెమ్మదిగా సర్దుకోవడం. వీటిలో రెండుంటే ఆరోగ్య కేంద్రంలో నాలుగు గంటల్లో కిలో బరువుకు 75 మి.లీ. ఓఆర్‌ఎస్.

ఆకుపచ్చ: ఆ గుర్తులు లేకపోతే ఇంట్లోనే ఓఆర్‌ఎస్, గంజి. తల్లిపాలు ఆపవద్దు. మలంలో రక్తం కనిపిస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి.

మారేడు గుజ్జు, దానిమ్మ తొక్క మన నుస్ఖాలే. కానీ గులాబీ గడిలోని బిడ్డకు అవి ఇచ్చి, తగ్గుతుందేమోనని కాచుకోకండి. బిడ్డ ప్రాణం తీసేది నీరు కోల్పోవడమే.

మీ ఊరి కేంద్రంలో పట్టిక కన్నడంలోనో, ఒడియాలోనో ఉండవచ్చు. రంగుల అర్థం ఒక్కటే. ఇంట్లో దాదీ, నానీలకు కూడా చెప్పి ఉంచండి.