ఆకాశానికి వల వేసిన కథకుడు

2005 ఏప్రిల్ 20న హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి ఒక భారీ బెలూన్ పైకి లేచింది. దాని ఘనపరిమాణం 2.67 కోట్ల ఘనపుటడుగులు. పూర్తిగా ఉబ్బితే అడ్డకొలత వంద మీటర్లు దాటుతుంది. దానికి వేలాడదీసిన పరికరాల బరువు 459 కిలోలు. పాతబస్తీలోని జహనుమా నుంచి రోడ్డు పట్టుకుని వెళితే ఇంచుమించు షాద్‌నగర్ చేరేంత దూరం, అంటే 41 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలి నమూనాలు పట్టుకురావాలి. ఆ గాలిలో ప్రాణమున్నదేదైనా ఉందా అని తేల్చాలి.

ఈ ప్రయోగానికి ప్రధాన పరిశోధకుడు జయంత్ విష్ణు నార్లీకర్. ఖగోళ శాస్త్రవేత్తగా ఆయన పేరు ప్రపంచమంతటికీ తెలుసు. మరాఠీ పాఠకులకు మాత్రం ఆయన తమ ఇంటి సైన్స్ ఫిక్షన్ రచయిత.

నార్లీకర్ 1938 జూలై 19న కొల్హాపూర్‌లో పుట్టారు. తండ్రి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడు, తల్లి సంస్కృత పండితురాలు. బెనారస్‌లో డిగ్రీ ముగించి కేంబ్రిడ్జి వెళ్ళి, అక్కడ గణిత పరీక్షలో ప్రథముడిగా నిలిచారు. ఆయనకు గురువుగా దొరికినవాడు ఫ్రెడ్ హాయిల్. నక్షత్రాల గర్భంలో కార్బన్ ఎలా తయారవుతుందో ముందుగా ఊహించి చెప్పిన శాస్త్రవేత్త ఆయన. అంతరిక్షంలోని ఓ మేఘానికి తెలివి ఉంటే ఎలా ఉంటుందన్న ఊహతో 1957లో ‘ది బ్లాక్ క్లౌడ్’ నవల రాసిందీ ఆయనే. గురుశిష్యులు కలిసి 1964లో గురుత్వాకర్షణపై ఒక కొత్త సిద్ధాంతం ప్రతిపాదించారు. మరుసటి ఏడాదే నార్లీకర్‌కు పద్మభూషణ్ వచ్చింది.

1972లో ఆయన దేశానికి తిరిగి వచ్చేశారు. రెండేళ్ళకు మరాఠీ విజ్ఞాన పరిషత్తు సైన్సు కథల పోటీ పెట్టింది. తన పేరు చూసి బహుమతి ఇవ్వకూడదని ఆయన పొడి అక్షరాలను తిరగేసి ‘నారాయణ్ వినాయక్ జగ్తాప్’ అనే పేరుతో కథ పంపారు. చేతిరాత గుర్తుపడతారేమోనని భార్య చేత రాయించారు. కృష్ణబిలం మీద రాసిన ఆ కథకే మొదటి బహుమతి వచ్చింది. అప్పటి నుంచి చివరిదాకా ఆయన మాతృభాషలో రాస్తూనే ఉన్నారు. ‘ధూమకేతు’ కథలో భూమి మీదికి దూసుకొస్తున్న తోకచుక్కను శాస్త్రవేత్తలు దారి మళ్ళిస్తుంటారు; దాన్ని కనిపెట్టినవాడి ఇంట్లోనే శాంతి హోమం జరుగుతుంటుంది. పానిపట్ యుద్ధంలో మరాఠాలు గెలిచి ఉంటే చరిత్ర ఏమయ్యేదో చెప్పే మరో కథ ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి ఇంగ్లీషు పుస్తకానికి ఎక్కింది.

మళ్ళీ బెలూన్ దగ్గరికి వద్దాం. ప్రాణబీజాలు అంతరిక్షం నుంచి తోకచుక్కల ధూళితో భూమికి రాలుతుంటాయని హాయిల్ నమ్మకం. ఆ మాట నిజమో కాదో చూడటానికి స్ట్రాటోస్ఫియర్ మంచి చోటు. మన ప్రాంతంలో 16, 17 కిలోమీటర్ల దాకా ఎత్తు పెరిగేకొద్దీ గాలి చల్లబడుతుంది. కింది వేడిగాలి పైకి లేస్తుంది, దుమ్మునూ సూక్ష్మజీవులనూ మోసుకెళుతుంది. ఆ గీత దాటాక, అంటే స్ట్రాటోస్ఫియర్‌లో, కథ తిరగబడుతుంది. ఓజోన్ పొర అతినీలలోహిత కిరణాలను పీల్చుకోవడం వల్ల పైకి వెళ్ళేకొద్దీ వేడి పెరుగుతుంది. కింది గాలి అక్కడికి ఎక్కడం కష్టం. కాబట్టి 40 కిలోమీటర్ల దగ్గర సూక్ష్మజీవి కనిపిస్తే, అది కింద నుంచి ఎక్కిందా, పై నుంచి దిగిందా అని అడగక తప్పదు.

అక్కడి గాలి నేలమీది గాలికన్నా వందల రెట్లు పలుచన. దాన్ని పట్టడానికి 16 ఉక్కు గొట్టాలను క్రిమిరహితం చేసి, లోపలి గాలంతా తోడేసి, 38 కిలోల ద్రవ నియాన్‌లో ముంచి పంపారు. నియాన్ చలి మైనస్ 246 డిగ్రీలు. కింది నుంచి ఆదేశం అందగానే గొట్టం మూత తెరుచుకుంటుంది. లోపలికొచ్చిన గాలి గోడలకు తగిలి గడ్డకడుతుంది, ఖాళీ అయిన చోటికి మరింత గాలి వచ్చి చేరుతుంది. ఇలా 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య వేర్వేరు ఎత్తుల్లో నమూనాలు పట్టి, ప్యారాచూట్‌తో కిందికి దించారు.

హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), పుణెలోని జాతీయ కణశాస్త్ర కేంద్రం వాటిని విడివిడిగా పరీక్షించాయి. ఒక ల్యాబ్‌లో పొరపాటు జరిగితే రెండోది పట్టేయాలన్నది ఉద్దేశం. ఇస్రో మాజీ ఛైర్మన్ యు.ఆర్. రావు, సీసీఎంబీ వ్యవస్థాపకులు పి.ఎం. భార్గవ మార్గదర్శకులుగా నిలబడ్డారు. 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు దొరికాయి. బ్యాక్టీరియాలో తొమ్మిది మనకు తెలిసిన జాతులకు దగ్గరివే. మూడు మాత్రం పూర్తిగా కొత్తవి. అతినీలలోహిత కిరణాలను తమ దగ్గరి బంధువులకన్నా బాగా తట్టుకుంటున్నాయి. 2009 మార్చిలో ఇస్రో ఈ సంగతి ప్రకటించింది. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభటుడి పేరు, మూడోదానికి 2001లో కన్నుమూసిన హాయిల్ పేరు పెట్టారు. అదే జానీబ్యాక్టర్ హాయిలై. హైదరాబాద్ ఆకాశంలో దొరికిన ఒక ప్రాణి ఇవాళ ఒక సైన్స్ ఫిక్షన్ రచయిత పేరు మోస్తోంది.

ఇవి గ్రహాంతర జీవులేనా? అలా రుజువు కాలేదని ఆ ప్రకటనే స్పష్టంగా చెప్పింది. ఆర్యభటుడి పేరున్న బ్యాక్టీరియా ఆ తరువాత పొలాల మట్టిలో, మొక్కల వేళ్ళ దగ్గర చాలాచోట్ల కనిపించింది కూడా. నార్లీకర్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇక్కడే ఉంది. కథ రాసేటప్పుడు ఊహకు హద్దు పెట్టలేదు. ప్రయోగానికి దిగాక గురువుకు ఎంతో ఇష్టమైన ఊహనైనా సాక్ష్యం ఇచ్చినంత మేరకే అంగీకరించారు. ‘ఇలా అయితే?’ అన్న ప్రశ్న కథకూ, ప్రయోగానికీ ఒకటే. జవాబు తేలే పద్ధతి వేరు. ఈ తేడా పిల్లలకు పాఠాలకన్నా మంచి కథలే బాగా నేర్పగలవు.

నార్లీకర్ 2025 మే 20న పుణెలో కన్నుమూశారు. ఆయన ప్రశ్నను మోసిన బెలూన్ లేచింది మన ఊళ్ళో, నమూనాలు పరీక్షించినవాటిలో ఒకటి మన ల్యాబ్. ఇంత సరుకు కళ్ళెదుట ఉంది కనుక, జహనుమా బడిపిల్లలకైనా, శ్రీకాకుళం పిల్లలకైనా ఇలాంటి కథలు వాళ్ళ భాషలో అందించే బాధ్యత ల్యాబుల్లో పనిచేస్తున్న తెలుగు శాస్త్రవేత్తలది, వాటిని అచ్చువేసే పత్రికలది.