కాసెట్టు మీద కట్టిన కోట

కాసెట్టు అనగానే మా తరం వారికి పాటలే జ్ఞాపకం వస్తాయి. ఇంగ్లండులో మాత్రం 1980 దశకం మొదట్లో పిల్లలు ఆటలు గూడా కాసెట్లలోనే కొనుక్కునేవారు. ఇంట్లోని టేప్ రికార్డరును కంప్యూటరుకు తగిలించి మీట నొక్కితే, కీచుమని రొద పెడుతూ నాలుగైదు నిమిషాలకు ఆట యంత్రంలోకి ఎక్కేది. టీ.వీ.యే తెర.

ఆ యంత్రాల్లో పేరుపడ్డది 1982లో వచ్చిన జెడ్.ఎక్స్. స్పెక్ట్రమ్. అందులో పెద్దరకానికి మెమరీ 48 కె. అంటే 49,152 బైట్లు. తెలుగు మేష్టర్ని గనుక నా లెక్క నేను వేసుకున్నాను. నేటి పద్ధతిలో ‘క’ దాచడానికి మూడు బైట్లు కావాలి. ‘కి’కి ఆరు, ‘క్కి’కి పన్నెండు. ఈ వ్యాసం వంటివి అయిదారు పెట్టేసరికి ఆ యంత్రం నిండిపోతుంది! అంత ఇరుకులో ఆకాశాన్నీ, యుద్ధాలనూ ఇమిడ్చారు ఆనాటి కుర్రవాళ్ళు.

అలాంటి కుర్రవాళ్ళ కంపెనీయే లివర్‌పూల్‌లో 1982లో వెలసిన ‘ఇమాజిన్’. మార్క్ బట్లర్, డేవిడ్ లాసన్ దాని స్థాపకులు. మొదటి ఆట ‘ఆర్కేడియా’ ఆ క్రిస్మసుకే విరగబడి అమ్ముడుపోయింది. ఇంకేముంది, దశ తిరిగింది. ఖరీదైన కార్లు వచ్చాయి. ఇరవయ్యేళ్ళు నిండని యూజీన్ ఎవాన్స్‌కు ఏడాదికి 35,000 పౌన్ల జీతమని పత్రికలు వ్రాశాయి. ముప్ఫై దాటిన జాన్ గిబ్సన్‌కు అక్కడ ‘తాతయ్య’ అని పేరు. నలభై దాటిన నన్నేమని పిలిచేవారో! ఆ తాతయ్య వ్రాసిన ఆటల్లో పళ్ళు తోమే ఆట గూడా ఒకటున్నది.

1983 క్రిస్మసుకు వీరొక ఎత్తు వేశారు. ఎదుటివారి ఆటలు బజారుకు రాకుండా, కాసెట్లు నకళ్ళు తీసే పెద్ద కర్మాగారాన్ని ముందుగానే తమ పనికి పురమాయించుకున్నారు. ఎత్తు పారలేదు. అమ్ముడుపోని కాసెట్లు గోదాములో గుట్టలు పడ్డాయి. దానికితోడు రెండు టేప్ రికార్డర్లున్న ప్రతి కుర్రవాడూ ఒకటి కొని పదిమందికి నకలు తీసి పెడుతున్నాడాయె.

అప్పుడు పుట్టినవి ‘మెగా గేమ్స్’. స్పెక్ట్రమ్‌కు ‘బాండర్‌స్నాచ్’, కమొడోర్ 64కు ‘సైక్లాప్స్’. (బాండర్‌స్నాచ్ అనేది లూయిస్ కెరోల్ సృష్టించిన మృగం. అర్థం కోసం నిఘంటువు వెతకనక్కరలేదు.) కాసెట్టుతోపాటు యంత్రానికి తగిలించే ఒక చిన్న పరికరం గూడా ఇస్తారు. అది మెమరీని పెంచుతుంది. అది లేనిదే ఆట నడవదు గనుక నకలు తీసినా ప్రయోజనముండదు. మామూలు ఆట అయిదున్నర పౌన్లయితే దీనికి నలభై దాకా వెల అనుకున్నారు. ఆలోచనలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. తప్పల్లా, పిల్ల పుట్టకముందే కుల్లా కుట్టడం. ఆట సిద్ధం కాకముందే పూర్తిపేజీ ప్రకటనలు పడ్డాయి. చూపడానికి ఆట బొమ్మ లేదు గనుక, ప్రకటనలో వ్రాసేవారి ఫొటోలే వేశారు!

ఈ విజయగాథను చిత్రిద్దామని బి.బి.సి. వారు కెమెరాలతో వచ్చారు. వారికి దొరికింది మరొక కథ. అప్పులవాళ్ళు తలుపు తట్టారు. ప్రకటనలు వేసిన పత్రికవారికే డబ్బివ్వలేని స్థితి. 1984 జూలై 9న కోర్టు కంపెనీని మూసివేయించింది. పనివాళ్ళు వీధిన పడ్డారు. ఆ డిసెంబరులో ‘కమర్షియల్ బ్రేక్స్’ పేరిట దేశమంతా ఆ పతనాన్ని టీ.వీ.లో చూసింది.

ఇమాజిన్ అనే పేరును మాంచెస్టరుకు చెందిన పోటీ కంపెనీ ఓషన్ కొనుక్కున్నది. లాసన్, ఆర్థిక వ్యవహారాలు చూసిన ఇయాన్ హెదరింగ్‌టన్ కలిసి ‘సిగ్నోసిస్’ పెట్టారు. బాండర్‌స్నాచ్ వేషం మార్చి, ‘బ్రటాకాస్’ అన్న పేరుతో, మెమరీకి కరువులేని కొత్త యంత్రాలపై వెలువడింది. సిగ్నోసిస్‌ను 1993లో సోనీ కొన్నది. ఆ స్టూడియో 2012 దాకా లివర్‌పూల్‌లోనే నడిచింది. తాతయ్య గిబ్సన్ మరికొందరు సహోద్యోగులతో ‘డెంటన్ డిజైన్స్’ స్థాపించాడు. అక్కడ తయారైన ఆటలను బజారులో పెట్టింది ఎవరనుకున్నారు? ఆ ఓషన్ వారే.