గబ్బిలము కాని ‘బ్యాట్’

గత విద్యాసంవత్సరమున ఒకనాటి మధ్యాహ్నం ద్వితీయ సంవత్సరపు విద్యార్థి యొకడు చార్లెస్ డికెన్స్ రచించిన ‘పిక్విక్ పేపర్స్’ నవలను చేత పట్టుకొని అధ్యాపకుల గదికి వచ్చినాడు. ఆంగ్లోపన్యాసకులు సెలవులో నుండుటచే ప్రశ్న మా వంతుకు వచ్చినది. “సార్, టిటిల్‌బ్యాట్ అంటే ఏ రకం గబ్బిలం?” అని అడిగినాడు. అతని జేబు నిఘంటువులో ఆ మాట లేదు. తెలుగు చెప్పుకొను మాకును తెలియదు. మరునాడు గ్రంథాలయములోని పెద్ద నిఘంటువును తిరగవేయగా తెలిసినది, అది గబ్బిలము కాదు, చేప!

ఇంగ్లండులోని చెరువులలో, వాగులలో సుమారు ఐదు సెంటీమీటర్ల పొడవున పెరిగే చిరుచేప యిది. వీపుపై మూడు ముండ్లుండును. గ్రంథభాషలో దీని పేరు ‘స్టికిల్‌బ్యాక్’. ప్రాచీనాంగ్లమున ‘స్టిసెల్’ అనగా ముల్లు, ‘బ్యాక్’ అనగా వీపు. అర్థము స్పష్టమే. అయితే ఈ చేపను పట్టి సీసాలలో పెంచుకొనువారు పండితులు కారు, పిల్లలు. వారి నాలుకపై ‘స్టికిల్’ కాస్తా ‘టిటిల్’ అయినది, ‘బ్యాక్’ ‘బ్యాట్’ అయినది. చిరుచేపలన్నిటికీ నేడు వాడుకలోనున్న ‘టిడ్లర్’ అను మాట బహుశా దీని సంతానమే. ఉత్తరమున లాంకషైర్‌లో దీనినే ‘జాక్‌షార్ప్’ అనిరి. స్కాట్లండులో ‘బాన్‌స్టికిల్’ అనిరి. చేప ఒకటే, ముల్లు ఒకటే, పేర్లు మాత్రము ఊరికొకటి.

ఇట్టి మాటలను ఏరి కూర్చిన మహనీయుడు జోసెఫ్ రైట్. 1855లో యార్క్‌షైర్‌లో పుట్టిన ఈ పేదబాలుడు ఆరవ యేట గాడిదబండి తోలినాడు, పిమ్మట నూలుమిల్లులో కూలిచేసినాడు. పదునైదేండ్ల ప్రాయము వరకు అతనికి చదువను రాదు. 1901లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైనాడు. అతని ఆంగ్ల మాండలిక నిఘంటువు 1898 నుండి 1905 వరకు ఆరు సంపుటములుగా వెలువడినది. మిల్లులో తనతో పనిచేసినవారి మాటలను మోటమాటలని విడిచిపెట్టక అచ్చువేయించినాడు. మన భాషకును ఇట్టి కృషి జరిగినది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోటి మాటలను సేకరింపజేసి కూర్చిన వ్యవసాయ మాండలిక వృత్తి పదకోశమును 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించినది.

ఇచట ఒక హెచ్చరిక. ఆ విద్యార్థియే మరల వచ్చి, ‘మిన్నో’ అను మరియొక చిరుచేప పేరు మన ‘మీను’ నుండి పుట్టినదా అని ఉత్సాహముగా అడిగినాడు. కాదని చెప్పవలసి వచ్చినది. మిన్నోకు ప్రాచీనాంగ్లమున ‘మినె’ అను రూపమున్నది, జర్మన్ భాషలో దానికి బంధువు లున్నవి. కొరమీనులోని ‘మీను’ మాత్రము ద్రావిడ భాషల సొత్తు. సంస్కృతములోని ‘మీన’ శబ్దము కూడ ఇచటి నుండియే వెళ్ళినదని భాషావేత్తల అభిప్రాయము. ధ్వని సామ్యమును చూచి చుట్టరికము కలుపరాదు. అతడు కొంత చిన్నబుచ్చుకొన్నాడు.

ఇక డికెన్స్ విషయము. 1836లో వెలువడనారంభించిన ఆ నవలలో పిక్విక్ దొరగారు టిటిల్‌బ్యాట్ల ‘సిద్ధాంతము’ను గూర్చి సభలో వ్యాసము చదువుదురు. పిల్లల చేపపై పెద్దల సిద్ధాంతమా యని పాఠకులు నవ్వవలెనని రచయిత ఉద్దేశము. కాని, ఆ చేపనే నీకో టిన్‌బర్గెన్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు లైడెన్‌లో గాజు తొట్లలో నుంచి సంవత్సరముల తరబడి పరిశీలించినాడు. వసంతమున మగచేప పొట్ట ఎర్రబడును. అది నాచు పోగులను తన దేహమునుండి వచ్చు జిగురుతో అతికి గూడు కట్టును. ఆడచేప గ్రుడ్లు పెట్టి వెడలిపోగా, తండ్రియే వాటికి రెక్కలతో నీరు విసరుచు కాపలా కాయును. ఒకనాడు కిటికీ ఆవల ఎర్రని తపాలాబండి పోవగా తొట్లలోని మగచేపలన్నియు ఆవైపునకే దూకినవట! ఎరుపు రంగే వాటికి శత్రువు గుర్తు అని ఆయన మైనపు బొమ్మలతో నిరూపించినాడు. జంతు ప్రవర్తనపై జరిపిన ఇట్టి పరిశోధనలకు 1973లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి నందుకొన్నాడు. పిక్విక్ దొరగారు కొంచెము తొందరపడినారు, అంతే.

మన విద్యార్థులు తరగతి గడప దాటగానే ఇంటిలోని ‘నక్కో’ను, ‘హౌ’ను నాలుక క్రింద దాచుకొనుట మేము చూచుచునే యున్నాము. ఆ ‘నక్కో’ మరాఠీ ‘నకో’ నుండి దక్కనీ ఉర్దూలోనికి వచ్చిన మాట, దానికి తరతరముల చరిత్ర యున్నది. ఈ మాట చెప్పినప్పుడు ఆ విద్యార్థి కొంతసేపు మౌనముగా నుండి, “మా నానీ చిన్నచేపను పరిగె అంటుంది సార్, రాయమంటారా?” అన్నాడు. వ్రాయుమన్నాము. చేలో కోతల పిమ్మట ఏరుకొను వెన్నులును పరిగెయే కదా యని మేము జ్ఞాపకము చేయగా, అదియు వ్రాసికొన్నాడు. ఇప్పుడతని నోటుపుస్తకములో నలుబది మాటలున్నవి, వానిలో ఆరు మేమును విననివి.