కంబళి నుంచి కోటు దాకా: ఉన్నిపై అపోహలు – వాస్తవాలు

నందికొట్కూరు చలి రోజంతా ఒకే తీరుగా ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో కర్నూలు ప్రాంతంలో తెల్లవారుజామున సగటున 17 డిగ్రీల దగ్గర ఉండే వేడి మధ్యాహ్నానికి 30 దాటుతుంది. కొన్ని రోజులు ఇంకా కిందికి దిగుతుంది. ఆత్మకూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కేవాళ్లకు చలి మరింత తగులుతుంది. చీకటితోనే కర్నూలు బస్సు ఎక్కే మనిషి పది గంటలకల్లా స్వెటర్ విప్పి చంకలో పెట్టుకోవాల్సిందే. సిమ్లాకు, శ్రీనగర్‌కు పనికొచ్చే సలహాలు ఒక్క పూటలో పదమూడు, పద్నాలుగు డిగ్రీలు మారిపోయే ఈ చలికి అతకవు. పైగా చలిబట్టల గురించి మన ఇళ్లలో, అంగళ్లలో తిరిగే మాటల్లో తప్పులు చాలా ఉన్నాయి. కొన్నింటివల్ల డబ్బు దండగ అవుతుంది. రెండు మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి. ఆ రెండింటి గురించే ఎక్కువ చెప్పాలి.

అపోహ: రోడ్డు పక్కన అమ్మే స్వెటర్లన్నీ నేపాల్ ఉన్నివి

చలికాలం రాగానే మన పట్టణాల్లో గుడారాలు వేసి స్వెటర్లు అమ్మేవాళ్లను జనం నేపాలీలు అనేస్తారు. వాళ్లలో చాలామంది టిబెట్ నుంచి వచ్చిన శరణార్థుల కుటుంబాలవాళ్లు. 1959లో దలైలామా మన దేశానికి వచ్చిన తర్వాత, 1960ల్లో కర్ణాటకలోని బైలకుప్ప, ముండగోడు వంటి చోట్ల వాళ్లకు ఊళ్లు కట్టించారు. అక్కడ వ్యవసాయం చేసుకుంటూ చలికాలంలో స్వెటర్ల బేరానికి బయల్దేరడం వాళ్లకు ఏళ్లనాటి బతుకుదెరువు. సరుకులో ఎక్కువ భాగం పంజాబ్‌లోని లూధియానాది. అందులో చాలావరకు అక్రిలిక్. అంటే పెట్రోలియం నుంచి తీసిన పోగు. దానికీ గొర్రెకూ సంబంధం లేదు.

అక్రిలిక్ పనికిరానిదని కాదు. తేలికగా, చవకగా ఉంటుంది, ఉతకడం సులువు, వెచ్చదనం కూడా ఇస్తుంది. కానీ ఉన్ని ధర పెట్టి అక్రిలిక్ కొనకూడదు. పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. కుట్టు లోపలి నుంచి ఒక్క పోగు లాగి, స్టీలు ప్లేటులో పెట్టి నిప్పంటించండి. కాలిన వెంట్రుకల కంపు వచ్చి, నిప్పు తీయగానే మంట ఆరిపోయి, వేళ్లతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే అది ఉన్ని. కరిగి, నల్లపొగతో మండి, చల్లారాక గట్టి ఉండ మిగిలితే అక్రిలిక్. కాగితం కాలిన వాసన వస్తే నూలు. రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే మిశ్రమం. కొత్త బట్టల మీద వూల్‌మార్క్ గుర్తు కూడా చూడొచ్చు. నూలు ఉండ ఆకారంలో ఉండే ఈ గుర్తు 1964 నుంచి వాడుకలో ఉంది.

అపోహ: ఎంత మందమైతే అంత వెచ్చన

ఒంటిని వెచ్చగా ఉంచేది బట్టలో చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. మన ఒంటి వేడి బయటికి పోకుండా ఆ గాలే అడ్డుకుంటుంది. ఉన్ని పోగు సహజంగానే మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి గాలిని బాగా పట్టి ఉంచుతుంది. ఒక్క మందపాటి స్వెటర్ కంటే రెండు పల్చటి పొరల మధ్య నిలిచే గాలి ఎక్కువ మేలు చేస్తుంది. పైగా ఎండ ఎక్కేకొద్దీ ఒక్కొక్కటీ విప్పేయవచ్చు. 1924లో ఎవరెస్టు మీద కన్నుమూసిన జార్జ్ మల్లోరీ శరీరం 1999లో దొరికింది. ఆయన ఒంటిమీద పట్టు, నూలు, ఉన్ని పొరలు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. వాటి పైన గాలిని ఆపే గాబర్డీన్ కోటు. అంత ఎత్తైన కొండ మీదికి కూడా ఆయన పొరలనే నమ్ముకుని వెళ్లాడు.

మన వాతావరణానికి లోపల నూలు బనియను లేదా చొక్కా, పైన పల్చటి ఉన్ని స్వెటర్ చాలు. బాగా తెల్లవారుజామున తిరిగేవాళ్లు ఇంకొక పొర వేసుకోవచ్చు. చెమట పట్టేంతగా కప్పుకోవడం మంచిది కాదు. చెమటతో తడిసిన నూలు చొక్కా గాలి తగలగానే ఒంటిని చల్లబరుస్తుంది. ఉన్ని ఈ విషయంలో మెరుగు. తన బరువులో మూడోవంతు దాకా తేమను ఆవిరిగా పీల్చుకున్నా పైకి తడిగా తగలదు. పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా వదులుతుంది. మంచు కురిసే తెల్లవారుజామున పొలానికి వెళ్లేవాళ్లకు ఈ గుణమే పెద్ద ఆసరా. అయితే ఉన్ని వానకోటు కాదు. పూర్తిగా నానిన ఉన్ని కోటు బరువెక్కుతుంది, ఆరడానికి చాలా సమయం పడుతుంది.

అపోహ: స్వెటర్ ఉంటే బండి మీద చలి తగలదు

తగులుతుంది. అల్లిన స్వెటర్ రంధ్రాల గుండా గాలి దూరి లోపలి వెచ్చటి గాలిని తోసేస్తుంది. నందికొట్కూరు నుంచి కర్నూలు సుమారు ముప్పై కిలోమీటర్లు. అంత దూరం బండి మీద పొద్దున్నే పోయేవాళ్లు స్వెటర్ మీద గాలి చొరబడని పల్చటి జాకెట్ వేసుకోవాలి. అది లేకపోతే చొక్కాకీ స్వెటర్‌కీ మధ్య, ఎదురుగాలి కొట్టే ఛాతీ మీద, రెండు మడతల వార్తాపత్రిక పెట్టుకున్నా తేడా తెలుస్తుంది. మంకీ క్యాప్ మీద హెల్మెట్ ఇరుకైతే క్యాప్ తీసేయాలి గానీ హెల్మెట్ తీయకూడదు.

చెవుల్లో చలిగాలి దూరితే జలుబు చేస్తుందనే మాట కూడా సరికాదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు మాత్రం చలిగాలి ఆయాసం తెప్పించవచ్చు. వాళ్లు మఫ్లర్‌ను చెవులకే కాదు, ముక్కు మీదుగా కూడా చుట్టుకోవడం మేలు.

అపోహ: చలిమంట దగ్గర ఏ శాలువా అయినా ఒకటే

ప్రమాదం ఉన్న అపోహల్లో ఇది మొదటిది. జొన్నచొప్ప, కంపకట్టెలు పేర్చి అరుగుల ముందు, కళ్లాల దగ్గర చలిమంటలు వేసుకోవడం మన పల్లెల్లో మామూలే. ముసలివాళ్లు, పిల్లలు మంటకు బాగా దగ్గరగా కూర్చుంటారు. ఉన్ని తేలిగ్గా అంటుకోదు. అది నిప్పందుకోవడానికి సుమారు 570 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి. అంటుకున్నా నిప్పు తీసేస్తే చాలాసార్లు తానే ఆరిపోతుంది. నూలు అంతకంటే చాలా తక్కువ వేడికే మండుతుంది. అక్రిలిక్ మండడంతో పాటు కరిగి చర్మానికి అతుక్కుంటుంది. అలా అతుక్కున్న చోట కాలిన గాయం లోతుగా దిగుతుంది.

చలిమంట దగ్గరికి కుచ్చులు వేలాడే అక్రిలిక్ శాలువాతో వెళ్లకండి. వంటగదిలో గ్యాస్ పొయ్యి దగ్గరా అంతే. కంబళి ఉంటే అది కప్పుకోండి. బట్టకు నిప్పంటుకుంటే పరుగెత్తకూడదు. నేల మీద పడి దొర్లాలి. పక్కనున్నవాళ్లు కంబళి కప్పి మంట ఆర్పాలి. కరిగి అతుక్కున్న గుడ్డను పీకకుండా, కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోసి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టూత్‌పేస్టు, సిరా పూయకూడదు.

అపోహ: పసిబిడ్డకు ఎన్ని కప్పితే అంత మంచిది, బట్టల్లో కలరా ఉండలు వేస్తే ఏమీ కాదు

రెండో ప్రమాదం ఇక్కడ ఉంది. మన ఇళ్లలో పాత స్వెటర్లు, టోపీలు, కంబళ్లు పెట్టెలో కలరా ఉండల మధ్య దాస్తారు. ఇంట్లో బిడ్డ పుట్టగానే పెద్దపిల్లల స్వెటర్ తీసి అలాగే తొడుగుతారు. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఆవిరిగా ఊపిరిలోకి, చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్న పిల్లల్లో ఇది ఎర్రరక్తకణాలను విరిచేస్తుంది. కామెర్లు ముదిరి మెదడు దెబ్బతిన్న కేసులు, పిల్లలు చనిపోయిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. ఈ లోపం వంశపారంపర్యం. మగపిల్లల్లో ఎక్కువ. బిడ్డకు అది ఉందో లేదో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. నాఫ్తలీన్ నూనెలో కరుగుతుంది కాబట్టి నూనె రాసిన ఒంటి మీద ఆ బట్ట వేస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. మనం రోజూ నూనె మర్దన చేసేది పసివాళ్లకే.

పసిపిల్లల బట్టల దగ్గర కలరా ఉండలు అసలే పెట్టకూడదు. పెట్టి ఉంటే బాగా ఉతికి, కొన్నాళ్లు ఎండలో, గాలిలో ఆరబెట్టి, వాసన పూర్తిగా పోయాకే వాడాలి. బిడ్డ కళ్లు, ఒళ్లు పసుపు తిరిగినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. కలరా ఉండల సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

ఇక కప్పడం గురించి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు పెద్దవాళ్లు వేసుకున్న దానికంటే ఒక్క పొర ఎక్కువ ఉంటే సరిపోతుంది. పుట్టిన మొదటి గంటల్లో, నెలలు నిండకుండా పుట్టినప్పుడు టోపీ అవసరమే, అది డాక్టరు చెప్పినట్టు చేయాలి. తర్వాత ఇంట్లో నిద్రపోతున్న బిడ్డ తల, ముఖం కప్పి ఉంచకూడదు. పొద్దున తొడిగిన స్వెటర్ మధ్యాహ్నం 30 డిగ్రీల్లోనూ అలాగే ఉంటే బిడ్డ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మెడ వెనక, వీపు మీద చెయ్యి పెట్టి చూడండి. చెమట తగిలితే ఒక పొర తీసేయండి. చేతులు, కాళ్లు చల్లగా ఉన్నంత మాత్రాన బిడ్డకు చలేస్తున్నట్టు కాదు.

అపోహ: కంబళి గరుకుగా ఉంటుంది కాబట్టి నాసిరకం, ఉన్నితో అలర్జీ వస్తుంది

గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు అన్న సామెత మనకు ఉంది. కంబళికి వెంట్రుకలు రాలే గుణం ఉందని తరతరాలకూ తెలుసు. దక్కనీ జాతి గొర్రె ఉన్ని ముతక. దాని పోగు మెరినో కంటే చాలా లావు. సుమారు 30 మైక్రాన్లు దాటిన పోగు చివర చర్మంలో గుచ్చుకుని దురద పుట్టిస్తుంది. మంచి మెరినో 19 మైక్రాన్ల దగ్గర ఉంటుంది కాబట్టి ఒంటికి మెత్తగా తగులుతుంది. ఆ దురద చాలామందిలో అలర్జీ కాదు. ఉన్నికి నిజమైన అలర్జీ చాలా అరుదని 2017లో ఒక చర్మవైద్య పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. ముతక ఉన్ని కింద నూలు బట్ట వేసుకుంటే సమస్య తీరుతుంది.

మరి ఆ ముతకదనం దేనికి? ఆరుబయట మందతో రాత్రులు గడిపే మనిషి కోసం. రాయలసీమ కురుబలు, తెలంగాణ కురుమలు తరాలుగా ఈ కంబళ్లు నేస్తున్నారు. ఉన్నిని చేత్తో వడికి, పడుగు పోగుకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద నేస్తారు. కొత్త కంబళి బిరుసుగా ఉండడానికి ఆ గంజి కూడా కారణమే. వాడేకొద్దీ మెత్తబడుతుంది. దగ్గరగా నేసిన ఆ గుడ్డ మంచును, చినుకును చాలాసేపు ఆపుతుంది. నలుపు గొర్రె సహజ రంగు, అద్దకం లేదు. కప్పుకోవడానికీ పరుచుకోవడానికీ అదే. తలమీంచి ముసుగు వేసుకుంటే వానకూ ఎండకూ కూడా అదే. వాళ్ల దైవం బీరప్ప కొలువుల్లో గద్దెగా పరిచేదీ కంబళే.

ఎండలో నల్ల కంబళి ఏమిటని అడిగేవాళ్లు ఉంటారు. సినాయ్ ఎడారివాసులైన బెడూయిన్ల అంగీల మీద చేసిన పరిశీలన ఒకటి 1980లో నేచర్ పత్రికలో వచ్చింది. వదులుగా వేసుకున్న నల్ల అంగీ ఎక్కువ వేడిని పీల్చినా, ఆ వేడి ఒంటికి చేరకముందే బయటికి పోతుందని, నలుపు తెలుపుల మధ్య ఒంటికి తగిలే వేడిలో తేడా లేదని అది చూపింది.

అపోహ: మన గొర్రెలన్నింటికీ ఉన్ని ఉంటుంది

నెల్లూరు జాతికి ఉండదు. దాని ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుక. మాంసానికి గిరాకీ పెరగడంతో దక్కను అంతటా కాపరులు ఎత్తుగా, బరువుగా పెరిగే నెల్లూరు గొర్రెల వైపు మళ్లారు. దక్కనీ మందలు తగ్గాయి. ఉన్నికి ధర లేక కత్తిరించిన బొచ్చును పారేసే కాపరులు కూడా ఉన్నారు. ఇది నాకు బాధ కలిగించే విషయం. మన పొలాల్లో మంద ఆపించుకుంటాం, ఎరువు కావాలి. ఆ గొర్రె మీది ఉన్ని మాత్రం అక్కర్లేదంటాం. దానికి బదులు దూరం నుంచి వచ్చిన ప్లాస్టిక్ పోగును ఉన్ని అనుకుని కొంటాం.

అపోహ: ఉన్ని సూటు, కోటు మన వాతావరణానికి పనికిరావు, విదేశాలకు వెళ్లేవాళ్లు ఇక్కడే బరువైన కోటు కొనుక్కోవాలి

పల్చటి ఉన్నితో కుట్టిన సూటు పూర్తి పాలియెస్టర్ సూటు కంటే హాయిగా ఉంటుంది. చెమట ఆవిరిని బయటికి పోనిస్తుంది. మాఘమాసం పెళ్లిళ్లలో రాత్రి రిసెప్షన్‌కు అది సరిగ్గా సరిపోతుంది. టెర్రీవూల్ అంటే పాలియెస్టర్, ఉన్ని కలిపిన గుడ్డ. అందులో ఉన్ని శాతం ఎంతో అంచు మీద, చీటీ మీద చూసి కొనండి. సూపర్ 100, సూపర్ 120 వంటి అంకెలు పోగు సన్నదనాన్ని చెబుతాయి. వాటికీ వెచ్చదనానికీ సంబంధం లేదు.

చదువులకు చికాగో, టొరంటో వెళ్లే మన పిల్లలకు ఒక మాట. ఇక్కడ దొరికే బరువైన కోటు అక్కడి గాలికి, మంచుకు సరిపోకపోవచ్చు. సూట్‌కేసు బరువు మాత్రం తినేస్తుంది. ఇక్కడి నుంచి ఒంటికి అంటుకునే పల్చటి ఉన్ని లోదుస్తులు, ఒక మంచి స్వెటర్, ఉన్ని మేజోళ్లు తీసుకెళ్లండి. గాలినీ తడినీ ఆపే పై కోటు అక్కడే కొనండి. ఉన్ని ఓవర్‌కోటు కొంటే లోపల స్వెటర్ వేసుకుని భుజాలు, చంకలు సరిచూసుకోవాలి. బిగుతుగా ఉంటే గాలి పొర నలిగి వెచ్చదనం పోతుంది.

అపోహ: ఉన్నిని వేడినీళ్లలో ఉతికితేనే మురికి పోతుంది

వేడి, రాపిడి కలిస్తే ఉన్ని పోగు మీది పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట కుంచించుకుపోతుంది. మళ్లీ మామూలు కాదు. చల్లని నీళ్లు, తేలికపాటి సబ్బు, పిండకుండా నీరు వొత్తేయడం, నీడలో పరిచి ఆరబెట్టడం చాలు. ప్రతిసారీ ఉతకనక్కర్లేదు, గాలికి వేస్తే చాలావరకు వాసన పోతుంది. చిమ్మెట పురుగు చెమట, తిండి మరకలున్న ఉన్నిని ముందు తింటుంది. ఉతికి, బాగా ఆరాక, గాలి చొరబడని సంచిలో కట్టి దాస్తే కలరా ఉండల అవసరమే రాదు.

ఈ చలికాలం రెండు పనులు చేయండి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఈరోజే బట్టల పెట్టె తెరిచి కలరా ఉండలు తీసేయండి. కప్పుకోవడానికి ఒక్కటైనా కొనాలనుకుంటే, మగ్గం ఇంకా ఆడుతున్న కురుబ ఇంటికి వెళ్లి వాళ్లు చెప్పిన ధరకు ఒక కంబళి కొనండి.