వార్తల్లో పదం: పాఠశాల గ్రాంటు

ఆర్మూరు పసుపు సీమలోని ముప్కాల్ వంటి మండలములందు ప్రభుత్వ పాఠశాలకు సుద్దముక్క, సున్నము, విద్యుద్దీపము మొదలగు నిత్యావసరములకై సమగ్ర శిక్షా పథకము క్రింద ఏటేటా కేటాయించు ధనమే పాఠశాల గ్రాంటు. 2018లో ఆరంభమైన ఈ పథకమున నూటికి 60 పాళ్లు కేంద్రమును, 40 పాళ్లు రాష్ట్రమును భరించును. విద్యార్థులు 31 మొదలు 100 వరకున్న బడికి 25 వేలు, 250 వరకు 50 వేలు, వేయి మించినచో లక్ష రూపాయలు. అందు పదవ వంతైనను పారిశుద్ధ్యమునకు వ్యయింపవలెను. వివాదమంతయు ఇచ్చటనే పుట్టుచున్నది: పిల్లలు తగ్గిన కొలది గ్రాంటు తగ్గును గాని, పైకప్పు కురియుట తగ్గదు గదా!

మరుగుదొడ్డికి నీటి మోటారా, ప్రయోగశాలకు పరికరములా, ముందేది అను ప్రశ్నను తేల్చుటకై 2009 నాటి విద్యాహక్కు చట్టము, నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులును, మొత్తము మీద సగము స్త్రీలును గల నిర్వహణ కమిటీకి అభివృద్ధి ప్రణాళికా రచనను అప్పగించినది. తెలంగాణమున 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు మరమ్మతుల భారమును మహిళా సంఘముల చేతికిచ్చినవి. గ్రాంటు ఆలస్యమైనపుడు ప్రధానోపాధ్యాయుడు తన సొమ్ము ముందు పెట్టి, రసీదులు దాచుకొని, పిదప రాబట్టుకొనవలసి వచ్చును. అట్టి వేళ బడి నడచుచున్నది ప్రభుత్వ ధనముతోనా, పంతులు జీతముతోనా యని తల్లిదండ్రులు అడుగుట న్యాయమే.